ఎనిమిది గంటల కోడికూర

జూన్ 17, సోమవారం

ల్యాబ్ వాళ్ళిచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి ఉన్న పేజీలన్నీ ఖాళీగా వదిలేసి ఇవాళ్టి పేజీలో మొదలుపెడుతున్నాను.

ఉద్యోగంలో చేరి నెల అయింది. రొయ్యల చెరువుల నీళ్ళు, మట్టి, రోగం వచ్చిన రొయ్యలు తెచ్చిస్తారు. మేం పరీక్ష చేసి చెప్తాం. నేను చదివిన జువాలజీకి పదిహేనేళ్ళ తర్వాత ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు దొరికాయి.

అత్తయ్యగారు మొదటిరోజే చెప్పేశారు. "నాకిష్టం లేదమ్మా. ఇల్లు చెడిపోద్ది. వంకరపోయిన ఈ వేళ్ళు గరిటె పట్టుకోనివ్వవు, నేను వండి పెట్టలేను" అని. మా ఆయన ఒక్కమాట కూడా అనలేదు. పైగా నిన్న కరెంటు మీద నెమ్మదిగా ఉడికించే స్లో కుక్కర్ కొని తెచ్చారు. "పొద్దున్న అన్నీ పడేసి వెళ్ళిపో విజయా. నువ్వొచ్చేసరికి కూర ఉడికిపోయి ఉంటాది. హడావిడి పడకు" అన్నారు.

ప్రణవి దాని గాజుమూత పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఎనిమిదో తరగతి పిల్ల, ఇంకా పసిదానిలాగే.

జూన్ 19, బుధవారం

మూడు రోజుల్లో పట్టు దొరికింది. అడుగున ఉల్లిపాయ చక్రాలు పరవాలి. దాని మీద పెరుగు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు. చుక్క నీరు పొయ్యకూడదు, కోడిలోని నీరే ఊరుతుంది. పొద్దున్న ఎనిమిదికి తక్కువ వేడి మీద పెట్టి స్విచ్ వేస్తే సాయంత్రం నాలుక్కి కూర సిద్ధం. ఈలోగా మూత తీయకూడదు. తీస్తే వేడంతా పోతుంది. కొబ్బరిపాలు నేను ఇంటికొచ్చాకే.

ఇవాళ గోంగూర కోడి. ముక్క వేలితో తాకితే విడిపోయింది. ప్రణవి మూడుసార్లు వడ్డించుకుంది. అత్తయ్యగారు కూడా "బానే ఉంది" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం చాలా పెద్ద సంగతి.

జూన్ 25, మంగళవారం

కూర ఉడకలేదు. మూత తీస్తే వేడిగానే ఉంది గాని ముక్క రబ్బరులా సాగింది. స్టవ్ మీద పెట్టి ఉడికించి వడ్డించేసరికి తొమ్మిదయింది. పగలు కరెంటు పోయిందా అని అత్తయ్యగారిని అడిగాను. "ఏమోనమ్మా, నేను పడుకున్నాను" అన్నారు.

ఆయనే ఉల్లిపాయలు తరిగి ఇచ్చారు. "అలిసిపోతున్నావు" అన్నారు.

జూన్ 27

మళ్ళీ అంతే.

జూలై 2, మంగళవారం

మూడోసారి. ఎముక దగ్గర ఎర్రగా ఉంది. చికాకొచ్చి ఏడుపొచ్చింది. స్టవ్ మీద అరగంట తుకతుకలాడించాను. మా రొయ్యల చెరువు దగ్గర నీళ్ళకి గాలికొట్టే మిషను పాడైందని ఆయన ఫోన్ చేశారు, అక్కడే పనివాళ్ళతో తినేస్తామన్నారు. మంగళవారం గనక అత్తయ్యగారు నీచు ముట్టరు. నాకు తలనొప్పి, ఒక్క ముక్క తిన్నాను. ప్రణవి కడుపునిండా తింది.

జూలై 3

ఆసుపత్రి. ప్రణవికి సెలైన్. వాంతులు ఆగడం లేదు.

జూలై 5, శుక్రవారం

ఇంటికి తీసుకొచ్చాం. రెండు రోజుల్లోనే పిల్ల బుగ్గలు లోపలికి పోయాయి.

డాక్టరు గారు ఏం తిందని అడిగారు. కోడికూర అన్నాను. బయట తిందా అన్నారు. "లేదండి, ఇంట్లోనే. నేనే వండేను" అన్నాను. డాక్టరు గారు రాసుకున్నారు.

పచ్చి కోడి గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. తర్వాత ఎంత ఉడికించినా క్రిములు చస్తాయి గాని అవి వదిలిన విషం పోదు. ల్యాబ్‌కి వచ్చే రైతులకి నేను చెప్పే పాఠమే ఇది. ఆ కూర పారబొయ్యాల్సింది. కష్టపడి వండాననీ, పారబోస్తే అత్తయ్యగారు ఏదో అంటారనీ పారబొయ్యలేదు. నా పిల్లకి నా చేతులతో నేనే పెట్టాను.

ఆయన నా తల నిమిరి, "ఎవరికైనా జరుగుద్ది. నిన్నెవరేమన్నారు? నేనేమీ అనను. ఉద్యోగం సంగతి నీ ఇష్టం" అన్నారు.

జూలై 9, మంగళవారం

సెలవు పొడిగించాను. వెంకటరాజు గారు ల్యాబ్ యజమాని అయినా పరాయి మనిషిలా మాట్లాడలేదు. "పిల్ల కుదుటపడ్డాకే రండమ్మా, బల్ల ఎక్కడికీ పోదు" అన్నారు.

ప్రణవి నేను పెడితే తినడం లేదు. ఇడ్లీ అయినా సరే. కంచం ముందు కూర్చుని మెతుకులు కదుపుతుంది. ఇవాళ మెల్లగా, నాకు బాధ కలక్కుండా చూసుకుంటూ, "అమ్మా, మామ్మని కలిపి పెట్టమనవా?" అంది. వంకర వేళ్ళతో అత్తయ్యగారు పెరుగన్నం కలిపి పెట్టారు. తింది.

వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

ఆయన ఇదంతా చూశారు. గుమ్మంలో నిలబడి చూశారు.

జూలై 13, శనివారం

కుక్కర్‌ని రిపేరు షాపు బుల్లబ్బాయికి ఇచ్చి నాలుగు రోజులైంది. ఇవాళ వెళ్ళాను.

"దీంట్లో ఏ లోపం లేదండి" అన్నాడు. "రోజూ నీళ్ళు పోసి ఎనిమిది గంటలు పెట్టి చూసేనండి. గంట కొట్టినట్టు పని చేస్తంది."

"మరి మా ఇంట్లో ఎందుకు ఉడకలేదు?"

"మీ కరెంటు పోయుండాలి, లేదంటే ఎవరో స్విచ్ కట్టేసుండాలండి. మిషను తప్పు కాదండి, ఆయ్."

కట్టేస్తే మళ్ళీ ఎవరు వేస్తారు? నేనొచ్చేసరికి ప్రతిసారీ ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

ఆటోలో వస్తున్నంతసేపూ ఒకే మొహం కళ్ళ ముందు. పగలంతా ఇంట్లో ఉండే మనిషి. ఇష్టం లేదని చెప్పిన మనిషి. ఇవాళ శనివారం గనక ఆవిడ వాడపల్లి వెంకన్న గుడికి వెళ్ళారు. ఏడు శనివారాల మొక్కట. పిల్ల బాగుండాలని.

జూలై 14, ఆదివారం

అడిగేశాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. ఆవిడ ఎదురుగా పీట మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారు.

"అత్తయ్యగారూ, నేను వెళ్ళాక కుక్కర్ స్విచ్ మీరే కట్టేస్తున్నారు కదా?"

ఆవిడ తలెత్తి నన్ను చూశారు. తర్వాత కొడుకుని చూశారు. ఆయన పేపరు దించలేదు.

"నేనెందుకు కడతానమ్మా?"

"నా ఉద్యోగం ఇష్టం లేదని మీరే అన్నారు కదండీ."

"అన్నాను. నీ మొహం మీదే అన్నాను."

"పిల్ల చచ్చిపోయుంటే ఏం చేసేవారు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ మొహం తెల్లబడిపోయింది. మళ్ళీ కొడుకువైపే చూశారు. ఆయన పేపరు మడిచి, "అమ్మ పెద్దదైపోయింది విజయా. వదిలెయ్" అన్నారు.

ఆవిడ నూనెచేతులు చీరకి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. కాదని ఒట్టేస్తారేమో అనుకున్నాను. వెయ్యలేదు. వెయ్యలేదంటే ఒప్పుకున్నట్టే కదా.

జూలై 15

అల్లవరం నుంచి ఆయన అన్నగారు దుర్గారావు గారు వచ్చి ఆవిడని తీసుకెళ్ళారు. ప్రణవి ఏడ్చింది. నాతో మాట్లాడలేదు.

జూలై 22, సోమవారం

మళ్ళీ ల్యాబ్‌లో చేరాను. మళ్ళీ కుక్కర్ పెట్టాను.

శాంపిళ్ళు తెచ్చే ఐసుపెట్టెల్లో మేం ఒక చిన్న పరికరం పెడతాం. పెట్టెలో ఎంత వేడుందో పది నిమిషాలకోసారి దానంతటదే గుర్తుపెట్టుకుంటుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే గీత గీసి చూపిస్తుంది. పాతది ఒకటి అడిగి తెచ్చుకున్నాను. దాని తీగ కొసని కుక్కర్ వెనక పట్టీతో అంటించాను. ఎవరికీ చెప్పలేదు. పిల్లని భయపెట్టడం దేనికని. ఆయనకి చెప్తే తన తల్లిని ఇంకా అనుమానిస్తున్నానని బాధపడతారని.

జూలై 25, గురువారం

నాలుగు రోజులూ గీత చక్కగా ఉంది. పొద్దున్న ఎనిమిది నుంచి పైకి వెళ్ళి, అక్కడే నిలబడింది. కూర మెత్తగా ఉడికింది.

ఆవిడ వెళ్ళారు, కూర ఉడికింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? అల్లవరం ఫోన్ చేసి ఈ గీత సంగతి చెప్పాలనిపించింది. చెయ్యలేదు. నా మంచితనం అనుకున్నాను.

ప్రణవి మాత్రం కోడి ముట్టలేదు. తన అన్నంలో తనే పెరుగు వేసుకుంది.

జూలై 29, సోమవారం

వెంకటరాజు గారు పిలిచి కూర్చోబెట్టారు. రాజోలులో ఇంకో ల్యాబ్ తెరుస్తున్నారట. "మీరే చూసుకోవాలమ్మా. వారానికి మూడు రోజులు అక్కడ, మిగతా రోజులు ఇక్కడ" అన్నారు. నలుగురు నా కింద పనిచేస్తారు. నాకు! నిలబడి నమస్కారం పెట్టేశాను, వెంకటరాజు గారు నవ్వారు.

భోజనాల దగ్గర చెప్పాను. ప్రణవి, "అయితే నువ్వు మేడమ్‌వా?" అంది. నెల తర్వాత నాతో నవ్వింది. ఆయన, "మంచిదే కదా" అన్నారు. కంచంలో అన్నం ఉండగానే చెయ్యి కడుక్కున్నారు.

జూలై 31, బుధవారం

ముక్క ఉడకలేదు.

మొత్తం కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీసి కప్పెట్టాను. గుడ్డు పొరటు చేశాను.

ఆగస్టు 1, గురువారం

గీత చూశాను. ఎనిమిదికి పైకి లేచింది. తొమ్మిది నలభైకి కిందికి దిగడం మొదలుపెట్టింది. మూడు గంటల పది నిమిషాలకి మళ్ళీ లేచింది.

కరెంటు పోయుంటుంది. వానాకాలం కదా. కరెంటే పోయుంటుంది.

సాయంత్రం పక్కింటి కనకమహాలక్ష్మి గారిని అడిగాను. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడతారు. "నిన్నా? లేదు విజయా. పొద్దుట్నుంచీ చీకటి పడేదాకా మోటారు మిషను మీదే ఉన్నాను. ఒక్క నిమిషం కూడా పోలేదు. ఏం, మీకు పోయిందా?" అన్నారు.

"ఆయ్, మాకు పోయిందండి" అన్నాను.

ఆయన తెల్లవారుజామున చెరువులకి వెళ్తారు. తొమ్మిదిన్నరకి టిఫినుకి ఇంటికొస్తారు. మూడింటికి మళ్ళీ మేత వెయ్యడానికి వెళ్తారు.

అత్తయ్యగారు పదిహేడు రోజులుగా అల్లవరంలో ఉన్నారు.

ఇంకేం రాయను.

ఆగస్టు 2, శుక్రవారం

సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ప్రణవి బడికి వెళ్ళాక, ఆయన టిఫిను తింటుంటే గీత తీసిన కాగితం కంచం పక్కన పెట్టాను.

"ఏంటిది?"

"మొన్న మీరు స్విచ్ కట్టేసిన టైము. మళ్ళీ వేసిన టైము."

చదువుకున్న మనిషే, కాగితం అర్థమైంది. కోప్పడతారనుకున్నాను. కాదంటారని ఆశపడ్డాను. కాదంటే నమ్మడానికి అప్పటికీ సిద్ధంగానే ఉన్నాను. పెసరట్టు తుంపిన చెయ్యి అలాగే ఉంచి, "ఈసారి ఎవరూ తినరని తెలుసు విజయా. చూసి పారేస్తావని తెలుసు" అన్నారు.

ఈసారి.

"మొదట మూడుసార్లూ?"

"రెండు రోజులు ఇబ్బంది పడితే నీ అంతట నువ్వే మానేస్తావనుకున్నాను. అంతే. పిల్లకి అలా అవుద్దని కల్లో కూడా అనుకోలేదు. అమ్మతోడు."

"అమ్మతోడా! ఏ అమ్మ? మీ కళ్ళ ముందు నేను దొంగని చేసి పంపించేసిన అమ్మా?"

తుంపిన పెసరట్టు ముక్క కంచంలో పడేశారు.

"ఇష్టం లేకపోతే వద్దని చెప్పొచ్చు కదండీ. మీ అమ్మగారు చెప్పేరు."

"చెప్తే ఏమంటారు జనం? పెళ్ళాం చేత ఉద్యోగం మాన్పించేసేడంటారు. నువ్వూ అదే అంటావు, బతికినన్నాళ్ళూ. నేనెప్పుడైనా నిన్ను వద్దన్నానా విజయా? ఒక్కసారి?"

ఇంకా దాన్ని గొప్పగానే చెప్పుకుంటున్నారు. ఒక్కసారి కూడా వద్దనలేదట.

"నెల నుంచి పిల్ల నా చేతి అన్నం తినడం లేదు. మీరు గుమ్మంలో నిలబడి చూసేరు" అన్నాను.

అప్పుడు మాత్రం ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు.

"ప్రణవికి మీరే చెప్పండి. ఆదివారం లోపు" అన్నాను.

"అది మాత్రం అడక్కు. నన్ను అసహ్యించుకుంటాది."

నన్ను చూసి భయపడితే మాత్రం ఫరవాలేదన్నమాట.

ఆగస్టు 4, ఆదివారం

ఆయన చెప్పలేదు. నేను లేచేసరికే చెరువుల మీదికి వెళ్ళిపోయారు.

నేను బస్సెక్కి అల్లవరం వెళ్ళాను. అత్తయ్యగారు పెరట్లో చింతపండు గింజలు తీస్తున్నారు. కాళ్ళ దగ్గర కూర్చున్నాను. చెప్పడానికి ఏమీ మిగల్లేదు, నా మొహం చూసే ఆవిడకి అర్థమైపోయింది.

"తెలిసిందా?" అన్నారు.

"మీకు ముందే తెలుసా అత్తయ్యగారూ?"

"పిల్ల ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెలిసింది. అంతకుముందు ఓసారి వాడు వంటింట్లోంచి రావడం చూసేను. మంచినీళ్ళకనుకున్నాను. ఆసుపత్రిలో అడిగితే కాళ్ళు పట్టేసుకున్నాడు. ఇంకెప్పుడూ చెయ్యనమ్మా, విజయకి చెప్పకన్నాడు."

"నేనంత మాటంటే కూడా చెప్పలేదేంటండీ?"

"వాడు చెప్తాడేమోనని చూసేను. రెండుసార్లు చూసేను వాడి మొహం. నువ్వూ అక్కడే ఉన్నావు కదా." గింజ తీసి పక్కన పడేశారు. "కన్నకొడుకుని నేనెలా పట్టిస్తానమ్మా?"

నాకు జాలి వెయ్యాలి. వేసింది కూడా. కానీ ఆ జాలి కిందే మండింది. నా పిల్ల నన్ను చూసి ముడుచుకుపోతుంటే ఆ వంకర వేళ్ళతో అన్నం కలిపి పెట్టిన మనిషి, నిజం తెలిసే పెట్టింది.

"క్షమించండి" అన్నాను. ఆవిడ కూడా అదే మాట అన్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

బయల్దేరుతుంటే అడిగారు. "పగలు మేమిద్దరం ఉండేవాళ్ళం కదా ఇంట్లో. వాడి మీద ఒక్కసారీ అనుమానం రాలేదా నీకు?"

రాలేదు. కుక్కర్ కొనిచ్చింది ఆయన కదా.

ఆగస్టు 5, సోమవారం

ప్రణవికి నేనే చెప్పాను. బడి నుంచి వచ్చి యూనిఫాంలోనే ఉంది. పెద్ద మాటలేవీ లేకుండా, నాన్న స్విచ్ కట్టేసేవారు, అందుకే కూర పాడైంది, నాకు తెలియక పెట్టేను అన్నాను. అది చీకటి పడేదాకా మెట్ల మీద కూర్చుంది.

ఆయన బండి ఆపి దిగుతుండగానే అడిగింది. "నాన్నా, స్విచ్ నువ్వు కట్టేసేవా?"

ఆయన నా వైపు చూశారు. "అమ్మ చెప్పిందా?"

"అది కాదు నేను అడిగింది."

బండి తాళం తీసి జేబులో వేసుకుని, "ఆఁ" అన్నారు.

"మామ్మ కాదని నీకు తెల్సు కదా. మామ్మని పంపించేస్తుంటే ఊరుకున్నావా?"

తన వాంతుల గురించి, సూదుల గురించి ఒక్కమాట అడగలేదు నా పిల్ల. మామ్మ గురించి అడిగింది. అది లోపలికొచ్చి తన గది తలుపేసుకుంది.

ఆగస్టు 8, గురువారం

శ్రావణంలో నీచు తినకూడదన్న పట్టింపు అత్తయ్యగారికే, మాకు లేదు. కుక్కర్ పట్టుకెళ్ళి ల్యాబ్‌లో టీలు పెట్టుకునే గదిలో పెట్టాను. పగలంతా నా కళ్ళ ముందే ఉడికింది. మూతకి తువ్వాలు కట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మిరియాల కోడి.

ప్రణవి కంచం జరుపుకుని కూర్చుంది. ఒక్క ముక్క తుంపి, లోపల రంగు చూసింది. చూసి తింది. తర్వాత ఇంకోటి చూడకుండా తింది.

ఆయనకి గిన్నెలో తీసి బల్ల మీద పెట్టాను. వడ్డించలేదు.

ఆగస్టు 11, ఆదివారం

అత్తయ్యగారు వచ్చారు. ప్రణవి వెళ్ళి తీసుకొచ్చింది. ఆవిడ సంచి దించకముందే కొడుకుతో, "నీ పెళ్ళానికి చెప్పాల్సింది ఏదైనా ఉంటే నోటితో చెప్పరా. మగాడివి కదా" అన్నారు.

మధ్యాహ్నం నేను బట్టలు మడత పెడుతుంటే ఆయన వచ్చి నిలబడ్డారు. "రాజోలు వెళ్ళడం నాకిష్టం లేదు విజయా. అసలు ఈ ఉద్యోగమే ఇష్టం లేదు. మొదట్నుంచీ లేదు" అన్నారు.

పదిహేనేళ్ళ కాపురంలో ఆయన నాకు అడ్డం చెప్పడం ఇదే మొదలు. వింతగా ఉంది, ఆ నిమిషం ఆయన మీద గౌరవం కలిగింది. జూన్‌లో చెప్పుంటే గొడవ పడేవాళ్ళం. రెండు రోజులు మాటలుండేవి కావు. బహుశా మానేసేదాన్ని కూడా.

"విన్నానండి. నేను వెళ్తాను" అన్నాను.

ఆగస్టు 12, సోమవారం

రాజోలులో మొదటిరోజు. బెంచీలు ఇంకా రాలేదు, నేల మీద పెట్టెలు పరిచి పనిచేశాం. ఇంటికొచ్చేసరికి ఏడు దాటింది. గుమ్మంలోకే కోడికూర వాసన.

ఆయన వండారు. యూట్యూబ్‌లో చూసి, స్టవ్ మీద, మామూలు దాకలో. చొక్కా నిండా పసుపు మరకలు. అత్తయ్యగారు పక్కన కూర్చుని ఉప్పు చెప్పారట. ప్రణవి అప్పటికే తినేసి చదువుకుంటోంది. బాగుందంది. ఆవిడ కూడా, "దగ్గరుండి చూసేనమ్మా" అన్నారు.

కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి కంచం పెట్టి ఉంది. అన్నం మధ్యలో కూర, పక్కన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క. ఆయన ఎదురుగా నిలబడ్డారు. "బాగా ఉడికింది విజయా, చూడు" అని ఒక ముక్క స్పూన్‌తో విరిచి చూపించారు. నిజమే, ఉడికింది.

ముద్ద కలిపాను. చెయ్యి నోటి దాకా లేవలేదు. ఇంకోసారి కలిపాను. ఆయన చూస్తున్నారు, అత్తయ్యగారు చూస్తున్నారు. పొద్దుటి ఉప్మా తప్ప నా కడుపులో ఏమీ లేదు.

ఆకలిగా లేదని చెప్పి లేచి చెయ్యి కడుక్కున్నాను.

చాలా ఆకలిగా ఉంది.